గరిటె పట్టకుండా లంకావికి

2024 కార్తీకమాసం. రాజమండ్రి దానవాయిపేటలో నేను ట్రావెల్స్ ఆఫీసు పెట్టి అప్పటికి పందొమ్మిదేళ్ళు. టికెట్లు, వీసాలు, పాస్‌పోర్టు అప్లికేషన్లు అన్నీ చూస్తాను. నా నోరు కొంచెం పెద్దదని ఊళ్ళో పేరుంది, కాదనను. మలేషియా మనవాళ్ళకి వీసా వేవర్ ఇచ్చి ఏడాది కావస్తోంది. వేవర్ అంటే ముందుగా వీసా తీసుకోకుండానే ముప్పై రోజుల వరకు వెళ్ళి చూసి రావచ్చని. జనం మాత్రం ఇక అడిగేవాడే లేడని అర్థం చేసుకున్నారు.

ఒక ఉదయం మండపేట రైస్ మిల్లు వెంకటరత్నం గారు బట్టల షాపు సంచీలో నలభై పాస్‌పోర్టులు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించారు. వాళ్ళమ్మాయి శ్రావ్య పెళ్ళి మలేషియాలోని లంకావి దీవిలో, సముద్రం ఒడ్డున.

"విజిటర్ వీసా తీయించాలా, వేవర్ మీద వెళ్ళిపోవచ్చా? ఏది మంచిదో మీరే చెప్పండి" అన్నారు.

"పెళ్ళి చూసి నాలుగు రోజుల్లో వచ్చేసేవాళ్ళకి వేవర్ చాలండి. రానూపోనూ టికెట్, హోటల్ బుకింగ్, బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డు, అంతే" అంటూ ఒక్కో పాస్‌పోర్టూ తిరగేశాను. ముప్పై తొమ్మిది బాగానే ఉన్నాయి. నలభయ్యోది కొత్తది, దాని మీద ఈసీఆర్ అని ఉంది. పదో తరగతి పాసవని వాళ్ళకి ఇచ్చే రకం అది. అలాంటివాళ్ళు మలేషియా వెళ్తుంటే, పనికి వెళ్తున్నారేమోనని మన ఎయిర్‌పోర్టులోనే గుచ్చి గుచ్చి అడుగుతారు.

"ఈ సూరిబాబు ఎవరండి?"

"మా వంట మేస్త్రండి. ఆయన లేకుండా మా ఇంట్లో ఒక్క శుభకార్యం జరగలేదు. ఆ హోటల్ వాళ్ళకి పనసపొట్టు కూర ఏం తెలుసు? ఈయనే వండుతాడు."

"వేవర్ మీద వెళ్ళి వండకూడదండి."

"అయితే ఆయనొక్కడికీ విజిటర్ వీసా తీయండి. ఖర్చయితే అయింది."

చాలామంది పొరబడేది ఇక్కడే. విజిటర్ వీసా అయినా, వేవర్ అయినా చూడటానికి వెళ్ళేవాళ్ళ కోసమే. నాలుగు కాగితాలు ఎక్కువ పెట్టినంత మాత్రాన గరిటె పట్టే హక్కు రాదు. పని చేయాలంటే అక్కడి హోటల్ వాళ్ళే వాళ్ళ ప్రభుత్వాన్ని అడిగి తీసుకోవాల్సిన అనుమతి వేరే ఉంది. పెళ్ళి చూస్తే నెల రోజులు కూడా లేదు. అదే ఆయనకి చెప్పాను.

"పోనీ నాకు బావమరిదని చెబుదాం. లోపలికెళ్ళాక ఎవరు చూస్తారండి?"

నాకు ఒళ్ళు మండింది. "ఎవరైనా చూస్తే? మీరంతా పెళ్ళి చేసుకుంటారు, ఆయనొక్కడూ వెనక్కి వస్తాడు. మీకు పోయేది కూర, ఆయనకి పోయేది పరువు. ఆ అబద్ధం నా చేత్తో రాయనండి" అన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని సంచీ పట్టుకుని వెళ్ళిపోయారు. నలభై మంది పార్టీ, నా నోటి మూలానే పోయిందనుకున్నాను.

మర్నాడు శ్రావ్య వచ్చింది. వెనకాలే సూరిబాబు. యాభై దాటిన మనిషి, ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆంటీ, ఈయన అక్కడ వండరు. నా పెళ్ళికి వస్తారు, అంతే. నా అన్నప్రాసన నుంచి నిశ్చితార్థం దాకా అన్నిటికీ వండిపెట్టారు, ఒక్కదానికీ కూర్చుని తినలేదు. నాన్నని ఒప్పించాను" అంది శ్రావ్య.

"నేనే వద్దంటున్నానండి. గరిటె పట్టకుండా పెళ్ళికెళ్ళి ఏం చేస్తాను? చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలీదు" అన్నాడు సూరిబాబు.

"అదంతా అలా ఉంచండి. వెళ్ళాలని ఉందా, లేదా?" అన్నాను.

కుర్చీ వీపు పట్టుకుని శ్రావ్య వైపు చూశాడు. "ఈ పిల్ల మెడలో తాళి పడటం చూడాలనుందండి. ముప్పై ఏళ్ళుగా వండుతున్నాను గానీ ఏ పెళ్ళిలోనూ తాళి కట్టడం చూళ్ళేదు. ఆ టైముకి మేం అన్నాలు వార్చే హడావుడిలో ఉంటామండి."

శ్రావ్య చేతిలోని పాస్‌పోర్టుల సంచీ అందుకుని బల్ల మీద పెట్టుకున్నాను.

అందరికీ వేవర్ దారే ఖాయం చేశాను. సూరిబాబుకి మాత్రం ఆయన పేరు రాసిన శుభలేఖ, తిరుగు టికెట్, హోటల్ కాగితం విడిగా ఒక ఫైల్లో పెట్టాను. "అడిగితే నిజమే చెప్పండి. వంట మేస్త్రినని దాచకండి. అక్కడ సాంబారు పొంగిపోతున్నా వంటగదిలో అడుగుపెట్టకండి" అని మాట తీసుకున్నాను.

బయల్దేరే రోజు వాళ్ళ బస్సు మా ఆఫీసు ముందు ఆగింది. ఎందుకో అనుమానమొచ్చి సూరిబాబు సంచీ తెరిపించాను. తువ్వాల్లో చుట్టిన ఇనప గరిటె, మూరెడు పొడుగుది.

"ఇదేంటండీ?"

"అలవాటండి. ఊరికే, తోడుంటుందని."

దాన్ని నా బీరువాలో పెట్టి తాళం వేశాను. బస్సులో వాళ్ళంతా నవ్వారు. వెంకటరత్నం గారు కూడా నవ్వారు, నాకు ప్రాణం కుదుటపడింది.

ఆ రాత్రి ఫోను పక్కనే పెట్టుకుని మేలుకునే ఉన్నాను. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో అందరినీ పంపేసి సూరిబాబుని ఆపారని శ్రావ్య మెసేజ్ పెట్టింది. ఆ పావుగంటలో నేను మొక్కని దేవుడు లేడు. ఫోన్ మోగింది, ఆయనే.

"చేతుల మీద మచ్చలు చూసి ఏం పని చేస్తావని అడిగారండి. వంట మేస్త్రినన్నాను. అక్కడ వండటానికేనా అన్నారు. లేదండి, ఈసారి తినడానికండి అన్నాను. శుభలేఖ చూపించాను. ఆ ఆఫీసరు నవ్వేసి ముద్ర వేశారండి."

పది రోజుల తర్వాత తాపేశ్వరం కాజాల పొట్లం పట్టుకుని గరిటె కోసం వచ్చాడు. ఈసారి నేను చెప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"తాళి చూశారా?"

"మూడు ముళ్ళూ లెక్కపెట్టానండి. అక్షింతలు గుప్పిట్లోనే ఉండిపోయాయి, వేయడం మర్చిపోయాను."

"భోజనం?"

"వెంకటరత్నం గారే చెయ్యి పట్టుకుని తొలి బంతిలో కూర్చోబెట్టారు. కూరలో ఉప్పు తక్కువండి, పప్పు అడుగంటింది. కానీ వేడిగా ఉందండి. పెళ్ళి భోజనం వేడిగా తినడం నాకదే మొదలు."

నాకు కళ్ళు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. అప్పటి నుంచి ఎవరొచ్చినా పాస్‌పోర్టు తెరవక ముందే, అక్కడికెళ్ళి ఏం చేస్తారని అడుగుతాను. అది తేలితే వీసానా, వేవరా అన్నది దానంతటదే తేలుతుంది.

గరిటె తువ్వాల్లో చుట్టుకుని లేచాడు సూరిబాబు. "మాఘంలో అనపర్తిలో ఒక పెళ్ళి ఒప్పుకున్నానండి. తాళి టైముకి పొయ్యిలు తగ్గించి, మా వాళ్ళందరం మండపం దగ్గరికి వస్తామని ముందే చెప్పేశాను."

"వాళ్ళేమన్నారు?"

"భోజనాలు పది నిమిషాలు ఆలస్యమైతే ఏం పోయింది, రండన్నారండి."