బాపు కళ్ల కాటుక

మొన్న సాయంత్రం మా అమ్మాయి ఫోను పట్టుకుని, "డాడీ, ఎండ దిక్కు తిరుగు, ముఖం మంచిగొస్తది" అంటూ దగ్గరికొచ్చి నా గడ్డం ఎత్తినప్పుడు, దాని చేతికంటిన పౌడరు వాసనకు నా తల దానంతటదే వంగిపోయింది.

నా చిన్నప్పుడు గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో క్రిస్మస్ ముందటి ఆదివారం, గరిజెలు వేగే వాసనా పొయ్యిల్లో బొగ్గు పొగా కలిసి వీధంతా కమ్ముకుని ఉండగా, వేపాకుల మీద కూడా బొగ్గుధూళే కాబట్టి చెట్టు నీడను వదిలేసి, కొత్తగా సున్నం వేసిన చర్చి గోడ ముందు, పొద్దు వాలే వేళ ఫొటోలకు వరుసకట్టేవాళ్లం. అందంగా రావడానికి మాకు తెలిసిన శాస్త్రం పౌడరొక్కటే. అక్కకూ నాకూ అమ్మ ఎంత పూసేదంటే, ఫొటో వచ్చాక గోడేదో నేనేదో తెలియక నిజంగానే తెల్లబోయేవాణ్ని.

అమ్మకొక పంతం ఉండేది. కమాన్‌పూర్‌లో ఆమె తల్లిగారింటి గోడ మీద, అమ్మ వాళ్ల అక్కను చేసుకున్న బడిపంతులు, మా పెద్దనాయిన ఫొటో నవ్వుతూ వేలాడేది. బాపును, అంటే మా నాన్నను, "బొగ్గు మనిషి" అన్న ఆ ఇంట్లోనే, ఆ పక్కనే, బాపు ఫొటో కూడా వేలాడాలి.

ఆ ఏడు బయటి ఊరి నుంచి కొత్త ఫొటోగ్రాఫర్ వచ్చాడు. బాపు షిఫ్టు దిగి, సబ్బుతో రుద్దిరుద్ది కడుక్కుని, ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డాడు. ఏళ్లకేళ్లు భూమి లోపల పనిచేసినవాళ్లందరికీ ఉన్నట్టే, రెప్పల అంచున బొగ్గు నల్లటి గీతై ఇంకిపోయి ఉంది. అతను కెమెరా దించి, అందరూ వింటుండగా అన్నాడు.

"అన్నా, ఆ కాటుక తుడుచుకో. మొగోళ్లకు మంచిగుండది."

వరుసలో ఉన్న మగవాళ్లందరివీ అవే కళ్లు. పక్కింటి రాజయ్య కాక అందుకున్నాడు.

"తమ్మీ, గది మేం పెట్టుకున్నది కాదు, బొగ్గుబాయి పెట్టింది. నౌకరి దిగినంకనే పోతది."

అందరూ నవ్వారు, బాపు కూడా. అమ్మ మాత్రం ఇంటికెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చింది. మసి పూసి మారేడుకాయ చేయడం లోకంలో ఉన్నదే. మా అమ్మ మసి తుడిచి చేయబోయింది. "జర ఆగు, ఇంకింత ఉన్నది" అంటూ కొంగుతో రుద్దుతుంటే, బాపు చిన్నపిల్లాడిలా ముఖం అప్పగించి నిలబడ్డాడు. నేను నా చెప్పులు చూసుకున్నాను.

ఫొటోలో గీతలు అలాగే ఉన్నాయి. కళ్లు మాత్రం ఎర్రబడి, నీళ్లు నిండి, నలుగురిలో దెబ్బతిన్న మనిషివిలా వచ్చాయి. అమ్మ దాన్ని కమాన్‌పూర్ పంపలేదు. మరుసటేడు పిలిస్తే, బాపు ఫొటోగ్రాఫర్ పక్కకు నడిచాడు: "మీరు దిగుండ్రి. ఎట్ల వస్తున్నరో నేనిక్కడ్నించి చూస్త." రోజూ బాయి దిగిన మనిషి మళ్లీ ఫొటో దిగలేదు.

ఇప్పుడు బాపు లేడు. ఆ క్వార్టర్లున్న చోట ఓపెన్‌కాస్టు గని గొయ్యి ఉంది. ఆల్బమ్‌లో ఆ తర్వాతి ఏ క్రిస్మస్ చూసినా మేం ముగ్గురం వెల్ల వేసినట్టు మెరుస్తుంటాం. మా కాళ్ల దాకా, ఫొటోగ్రాఫర్ నీడ పక్కన, పొడుగ్గా ఇంకో నీడ పడి ఉంటుంది. మనవరాలు తాత ఫొటో చూపించమంటే, అమ్మ "మళ్ల చూద్దువు తియ్" అని బీరువాకు తాళం వేస్తుంది.