పరదా వెనుక పెద్ద గొంతు

మొన్న పొద్దున కోరుట్లలో చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, సిరిసిల్ల నుంచి తోటి విలేకరి ఫోన్ చేశాడు. "అక్కా, ప్రెస్ కాక చనిపోయిండు. నిద్రల్నే పానం పోయిందట" అన్నాడు. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఆయనను ఒక సంగతి అడగాలని ఏళ్లుగా తిరుగుతున్నాను. అడిగినప్పుడల్లా నవ్వేసి చాయ్ చెప్పేవాడు. ఇప్పుడిక ఆ చాయ్ కూడా లేదు.

ప్రెస్ కాక అంటే సిరిసిల్ల మరమగ్గాల సంఘం అధ్యక్షుడికి పత్రికా సహాయకుడు. ప్రకటన రాయడం, విలేకరులను పిలవడం, అలిగినవాళ్లను బుజ్జగించడం అన్నీ ఆయన పనే. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. కాక చిన్నప్పటి నుంచి సాంచాల మీద పనిచేసి, రాయడం మీద ఇష్టంతో ఈ పనిలోకి వచ్చాడు. ఆ మోతలో పెరిగినందుకేమో, గొంతు మహా పెద్దది. పక్కనున్న మనిషితో మాట్లాడినా రోడ్డు అవతలి మనిషి తిరిగి చూసేవాడు. "ఏం జేయాలె బిడ్డా, సాంచాలు నా చెవులు తిన్నయి" అనేవాడు. అధ్యక్షుడు పూర్తిగా దానికి తలకిందులు. మైకు ఇచ్చినా ముందు వరుస దాటని గొంతు ఆయనది.

ప్రతి ప్రెస్‌మీట్ తర్వాత నాకు కాక ఫోన్ వచ్చేది. "బిడ్డా, ఫోటోల ఎడమ దిక్కు చివరికున్నాయినను కోసెయ్యకు. వారం దినాలు అలుగుతడు, మల్ల నేనే బతిలాడాలె." కొత్తలో ఒకసారి ఆయన ప్రకటనను ఉన్నదున్నట్టు పేపరుకు పంపాను. మెచ్చుకుంటాడనుకుంటే చీవాట్లు పెట్టాడు. "నేను రాసిందల్ల నమ్ముతె ఎట్ల బిడ్డా? ఒకసారి ఉతికి సూడాలె, రంగు నిలుస్తదా లేదా." తన రాతను తానే నమ్మొద్దన్న సహాయకుడిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ వృత్తిలో నాకు పనికొచ్చిన పాఠం అదొక్కటే. అది ఆయన పెట్టిన భిక్ష.

ఆ తర్వాత బడిపిల్లల యూనిఫాం గుడ్డ గొడవ వచ్చింది. ఆర్డరు సంఘానిదే. గుడ్డ సిరిసిల్ల సాంచాల మీదే నేయాలని షరతు. అయినా సగం సాంచాలు ఆగే ఉన్నాయి. పనిలేని కార్మికులు మళ్లీ మహారాష్ట్రలోని భీవండి మగ్గాలకు వలస దారి పట్టాలా అని మాట్లాడుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే, సంఘం గోదాము ముందు బయటి రాష్ట్రం లారీ ఒకటి గుడ్డ తాన్లు దింపుతున్న ఫోటో అందరి ఫోన్లలోకీ వచ్చింది. అది పాత ఫోటో అని సంఘం అంది. మర్నాడు, కాదు, అది నూలు లారీ అంది. ఎల్లారెడ్డిపేటలో ధర్నా జరిగింది, జగిత్యాలలో దిష్టిబొమ్మ కాలింది. మున్సిపల్ ఎన్నికల్లో నిలబడాలని చూస్తున్న అధ్యక్షుడికి రోజుకో వివరణ కావలసి వచ్చింది. అవన్నీ రాసింది కాకే.

చివరికి పెద్ద ప్రెస్‌మీట్ పెట్టారు. ప్రతి మీటరూ ఇక్కడే నేశామన్న ప్రకటన మా చేతుల్లో ఉంది. లోపలి గదిలో అధ్యక్షుడూ కాకా ఉన్నారు. వాళ్లకూ మాకూ మధ్య ఒక పరదా. అధ్యక్షుడి మాటలు మాకు వినిపించలేదు. కాకవి మాత్రం స్పష్టంగా వినిపించాయి.

"లారీ ముచ్చట అడిగితె ఏం చెప్పాలె ప్రెసిడెంట్ సాబ్?"

లోపల ఏదో గొణుగుడు.

"అసలు రానే రాలేదంటవా? మరి గోదాంల తాన్లు ఎవ్వలు దింపిండ్రు?"

హాల్లో మిర్చి బజ్జీలు నములుతున్న నోళ్లన్నీ ఆగిపోయాయి.

"సాంచాలు బందున్నయి సాబ్. మనోళ్లు భీవండి బస్సెక్కుతున్నరు. గీ అబద్ధం నేనైతె రాసిన. నువ్వు సదువుతవా?"

అధ్యక్షుడు బయటికి వచ్చాడు. మా ముఖాలు చూడగానే సంగతి అర్థమై ఉంటుంది. ప్రకటన మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బయటి గుడ్డ అచ్చింది నిజమే. నూలు టైముకు రాక, గడువు దాటుతదని భయపడి తెప్పించిన. వాపస్ పంపుతున్న. ఆర్డర్ మొత్తం మన సాంచాల మీదనే నేపిస్త" అన్నాడు. ఆ రోజు ఆయన మాట చివరి వరుసకు కూడా వినిపించింది. గుడ్డ వెనక్కి పోయింది, సాంచాలు నడిచాయి. ఎన్నికల్లో ఆయనకు టికెట్ మాత్రం రాలేదు.

కాకను పనిలోంచి తీసేస్తారనుకున్నాం. తీయలేదు. నన్ను తొలిచిన సంగతి ఇదే. ఆ రోజు గొంతు తగ్గించడం చేతగాక దొరికిపోయాడా, లేక కావాలనే మాకు వినిపించాడా?

మొన్న వాళ్లింటికి వెళ్తే కాక భార్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "ఇంట్ల ఉన్నడో లేడో తెల్వకుంట ఉండేటోడు బిడ్డా. ఎన్నడు గట్టిగ ఒక్క మాట అనలే. టీవీ సప్పుడు గుడ తక్కువ పెట్టుమంటుండె" అంది. ఆమెతో పాటు ఏడుస్తున్న నేను ఠక్కున ఆగిపోయాను.

పాడె వెనుక నడుస్తూ అధ్యక్షుడి పక్కకు చేరాను. అది అడిగే సమయం కాదని తెలుసు, కానీ విలేకరి బుద్ధి ఊరుకోదు కదా.

"సార్, కాక ఇంట్ల మెల్లగనే మాట్లాడుతుండెనట. మీకెరుకేనా?"

ఆయన పాడె మీది నుంచి చూపు తిప్పలేదు. "గా ప్రెస్‌మీట్ దినమే ఎర్కైంది బిడ్డా. అబద్ధం చెప్పే ధైర్యం లేకుండె నాకు, నిజం చెప్పే ధైర్యం గుడ లేకుండె. కాక అబద్ధం తొవ్వ బంద్ జేసిండు. గసుంటి మనిషిని ఎట్ల తీసేస్త?"

దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అయినవాళ్లు చెవిలో పిలిస్తే పోయిన మనిషి లేస్తాడేమోనని అక్కడ ఒక ఆఖరి ఆశ. కొడుకు పిలిచాడు. తర్వాత అధ్యక్షుడు మట్టిలో మోకాళ్లు ఆనించి వంగాడు. ఆయనకు అంత గొంతు ఉందని అక్కడున్న ఎవరికీ తెలియదు.

"ఓ కాకా! రేపు పేపరోళ్లు అచ్చి అడిగితె నేనేం చెప్పాలె? చెప్పి పో కాకా!"

పక్క వాడలో సాంచాలు నడుస్తున్నాయి. మోసేవాళ్లు పాడె ఎత్తడానికి వంగి, ఆగిపోయారు. అధ్యక్షుడు తన చెవిని కాక నోటి దగ్గర పెట్టి ఇంకా వింటూనే ఉన్నాడు.