బెల్లంపల్లిలో జపాను చాయ్, లింగయ్య వంకర ముంత

ఆదివారం పొద్దున ఆరింటికి మంథనిలో బస్సెక్కాం. నేనూ, కుమ్మరి లింగయ్యా, అతని ఒళ్లో తువ్వాలు చుట్టిన వంకర ముంతా. బెల్లంపల్లి వెళ్లి జపాను చాయ్ తాగాలని ప్రయాణం. నవ్వకండి, మా ఇంట్లోవాళ్లు ముందే సరిపడా నవ్వారు.

తప్పు నాదే. బడిలో డ్రాయింగ్ మాస్టర్ని, నోరు ఊరుకోదు. జపానులో చాయ్‌ని పూజలా చేస్తారనీ, దానికి వంకర మట్టిపాత్రలే ఏరుకుంటారనీ ఏదో పత్రికలో చదివి లింగయ్యకు చెప్పాను. ఎడ్లబండి మీంచి పడి మణికట్టు విరిగినప్పటి నుంచి లింగయ్య సారె మీద ఏం చేసినా వంకరే. అంగట్లో కొనేవాళ్లు లేరు. బొగ్గుబాయిలో రాళ్లు ఏరే పనికి పేర్లు రాసుకునే మేస్త్రి సోమవారం వస్తున్నాడు. పేరు రాయించమని లింగయ్య భార్య మల్లవ్వ పట్టుబట్టింది. "బెల్లంపల్లి జపానాయన ముంత బాగలేదంటె రాపిస్త" అని లింగయ్య ఒక్కరోజు గడువు అడిగాడు. గని యంత్రాలు బిగించడానికి జపాను ఇంజనీరు ఒకాయన బెల్లంపల్లిలో ఉన్నాడని, ఆ చాయ్ చేస్తాడని నా బావమరిది ముందే రాశాడు. ఆ ఇంజనీరు ఆదివారం రమ్మని కబురు పంపాడు.

ఏడున్నరకు పెద్దపల్లిలో దిగి మిర్చీలు తిన్నాం. ఎనిమిదింటి రైలు తొమ్మిదింబావుకు వచ్చింది. మూడో తరగతి పెట్టెలో ఎదురుగా కూర్చున్న మంచిర్యాల పెద్దమనిషి ముంత తీసుకుని వేలికణుపుతో టంగుటంగుమని కొట్టి చూశాడు. మా వైపు అలా కొట్టి చూడకుండా ఎవరూ మట్టిపాత్ర కొనరు.

"మోత మంచిగనె ఉన్నది. మూతికేమైంది, పక్షవాతమా?" అన్నాడు.

పెట్టె అంతా నవ్వింది. గోదావరి వంతెన వచ్చేలోపే లింగయ్య ముంతను మళ్లీ చుట్టేసి ఒళ్లో దాచుకున్నాడు. నాకైతే ఆ పెద్దమనిషిని వంతెన మీంచి తోసేయాలన్నంత కోపం వచ్చింది.

పదకొండున్నరకు బెల్లంపల్లి. స్టేషను నుంచి పది నిమిషాల నడక. ఇంజనీరు గారు గుమ్మంలో వంగి దండం పెట్టాడు. మేమూ వంగాం. ఆయన ఇంకాస్త వంగాడు. తానేం తక్కువని లింగయ్య ఏకంగా సాష్టాంగపడ్డాడు.

వెళ్లదలచిన వారికి ఒక సలహా. కడుపునిండా తిని వెళ్లండి, మోకాళ్ల నొప్పులుంటే అసలే వెళ్లకండి. చాప మీద కాళ్లు మడిచి కూర్చోబెట్టి, ఆయన శుభ్రంగా ఉన్న గిన్నెల్నే అరగంటసేపు తుడిచాడు.

"పొద్దుగాల తోమలేదా పంతులూ?" అని లింగయ్య గుసగుసలాడాడు.

తర్వాత ఇంజనీరు గారు ఒక నల్లటి మట్టిపాత్రను చూడమని లింగయ్య చేతికిచ్చాడు. తన చాయ్ గురువు చేసి ఇచ్చిందట, ప్రాణంతో సమానమట. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకేలా కుంటేవి కాబట్టి బాగానే అర్థమైంది. నేను ఆపేలోపే లింగయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కణుపుతో మూడు దెబ్బలు కొట్టాడు. దప్, దప్, దప్. ఇంజనీరు గారి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

"గిది కాలలే పంతులూ, పచ్చిగున్నది. మా ఆవంల ఒక్కపారి పెడితె ఖంగుమంటదని చెప్పుండ్రి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "చాలా బాగుందంటున్నాడు" అని చెప్పాను.

"కాదు, సరిగా కాలలేదంటున్నాడు" అన్నాడాయన, ఆ మోతను బట్టే గ్రహించి. "నిజమే. పట్టుకునే చేతికి వేడి తగలకూడదని మా గురువు కావాలనే తక్కువ కాల్చాడు. ఇన్నేళ్లలో కనిపెట్టినవాడు ఇతనొక్కడే." అని వంకర ముంత ఇమ్మన్నాడు.

"ఇగ కొడతడు" అంటూ లింగయ్య కళ్లు మూసుకున్నాడు.

ఆయన కొట్టలేదు. చుట్టూ తిప్పి చూసి, అందులో ఆకుపచ్చ చాయ్ పొడి వేసి, వేడినీళ్లు పోసి, వెదురు కవ్వంతో చిలికాడు. ముగ్గురూ ఆ ఒక్క ముంతలోనే తాగాలట. ఎంగిలి! నేను తల వెనక్కి వంచి, పెదవి తగలకుండా ఎత్తి పోసుకున్నాను. సగం నురగ ఖద్దరు చొక్కా తాగింది. మిగతా సగం మెంతికూర ఉడికించిన నీళ్లలా ఉంది. లింగయ్యా ఎత్తే పోసుకున్నాడు. చివరికి ఇంజనీరు గారు ముంతను అరచేతిలో రెండుసార్లు తిప్పి పెదవి ఆనించాడు. ఎందుకు తిప్పారని అడిగాను.

"ముందు భాగం దాని ముఖం. ముఖం మీద మూతి పెట్టకూడదు."

ఆ మాట నేను తెలుగులో చెప్పగానే లింగయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. "ముప్పై ఏండ్లసంది అందరు కొట్టి సూసుడే పంతులూ. మొఖమున్నదని ఎవ్వలన్లే."

ఆయన ముంత ఉంచేసుకుని, అలాంటివే ఇంకో నాలుగు కావాలన్నాడు. మూడింటి రైల్లో లింగయ్యకు కొత్త పరేషాన్ పట్టుకుంది. "కావాల్నని చేస్తె వంకర వస్తదా? సక్కగొస్తె ఎట్ల?" అంటూ పెద్దపల్లి దాకా గాల్లో సారె తిప్పుతూనే ఉన్నాడు.

దీపాలు పెట్టేవేళకు మంథని చేరాం. మల్లవ్వ గడపలోనే నిలబడి ఉంది. "ఏమన్నడు? రేపు పేరు రాపిస్తవా?"

లింగయ్య కుండల దగ్గరికి నడిచాడు. అమ్ముడుపోని కుప్పలోంచి ఒక ముంత తీసి నీళ్లు ముంచి, రెండుసార్లు తిప్పి ఆమెకు అందించాడు.

"గీ తిప్పుడేంది?"

"దాని మొఖం గటున్నదే. మొఖం మీద మూతి పెట్టొద్దు."

మొగుడికి ఎండదెబ్బ తగిలిందా అన్నట్టు ఆమె నా వైపు చూసింది. అలవాటుగా ముంతను కొట్టబోయి, కణుపు ఎత్తి, ఆగిపోయింది. చెయ్యి దించి నీళ్లు తాగింది.

"సారెకు మన్ను లేదు. పొద్దుగాల పోయి తెస్త" అంది.

"మేస్త్రి వస్తడు గద?" అన్నాడు లింగయ్య.

"రానీ. గీ ముంతల్నె చాయ్ తాపి పంపిస్త."