ఇరవై అడుగులకో గీత

పద్దెనిమిదేళ్లుగా ఒక తప్పుడు కొలత మోస్తున్నాను. నీకు రాస్తున్నాను. నువ్వు నన్నెరగవు, అందుకే.

మా ఊరి బంగారు గనులు మూసేశాక, ఇక్కడి పాత రైలు సొరంగం చరిత్ర రాస్తామని బంగారుపేట వైపు నుంచి నలుగురు దిగారు. మెడల్లో కెమెరాలు, కాళ్లకు కొత్త బూట్లు. ఊరు బతికున్నన్నాళ్లూ ఇటు చూడనివాళ్లకు చచ్చాక దాని రాళ్లు ముద్దొచ్చాయి. ఏడో తరగతిలో బడి మానేసి సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాణ్నని ఎవరో నన్ను చూపించారు.

సొరంగం లోపలి గోడ మీద పదకొండు ఉలిగీతలు. అవేమిటని అడిగారు. తెలియదనడం నాకు చేతకాదు. దూరపు గుర్తులు, ఇరవై అడుగులకొకటి అన్నాను. రాసుకున్నారు.

మర్నాడు టేపుతో కొలిచాను. పదిహేడు. ముప్పైఒకటి. తొమ్మిది. ఏ రెండూ కలవలేదు. అప్పుడైనా నోరు విప్పవచ్చు కదా? వాళ్లు కొలతల పట్టిక అడిగితే, అన్నిచోట్లా ఇరవై వేసి ఇచ్చాను. పుస్తకం అచ్చయింది. సొరంగం ముందు అదే చెక్కిన రాతిపలక నిలబెట్టారు. ఆ మూర్ఖుల్లో ఒక్కడూ టేపు పట్టలేదు. లోలోపల నవ్వుకున్నాను.

పలక చూసి, గనిలో పనిచేసి రిటైరైన మునెప్ప నేను కూర్చునే టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. సొరంగం వెడల్పు చేసేటప్పుడు ఆయన తండ్రి రాయి మీద పడి చనిపోయాడట.

"మనిషి పడిన చోట తోటోళ్లు కొట్టిన గీతలప్పా అవి. ఏడోది మా నాయనది. ఏటా మా యమ్మ దానికి సున్నం పూసేది, ఆమె పోయినాక నేను పూస్తా ఉండా. లెక్క తెలిసినోడివి, పలక మార్పించు."

ఆ మాటతో నా టేపు లెక్క కుదిరింది. మనుషులు సమాన దూరాల్లో చావరు. కానీ చుట్టూ పదిమంది ఉన్నారు.

"సున్నం పూస్తే కొలతగీత సమాధి అయిపోతాదా అన్నా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"అయితే మా యమ్మ ఇన్నేండ్లూ ఉత్త రాయికి పూసిందా?"

"ఇంగ దేనికనుకున్నావు?" అన్నాను.

ఆయన మళ్లీ సున్నం తీసుకుని వెళ్లలేదు. తర్వాత సొరంగానికి అడ్డంగా గోడ కట్టేశారు. మునెప్ప పోయాడు. నన్ను తిట్టుకుంటూ పోయి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. నమ్మి పోయాడు. లెక్క తెలిసినవాడు చెప్పాడని కన్నతల్లి చేతిపనినే అనుమానించాడు. కెమెరాలవాళ్లను ఏమని తిట్టను? వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

మన్నించమని అడగడానికి ఆయన లేడు. ఉన్నా, నేను అడిగేవాణ్ని కాదేమో, అంతటి మనిషిని కాను. ఏ రెండు గీతల మధ్యా ఇరవై అడుగులు లేవు. ఏడోది మునెప్ప తండ్రిది. మొదటిసారి సరిగ్గా రాశాను.