అఖిల తండాకు పోయిన పండుగ

అఖిలను చంటిపిల్లగా ఉన్నప్పుడే జగపతి, సుగుణ దత్తత తీసుకున్నారు. తను మహబూబాబాద్ దగ్గరి లంబాడీ తండాలో పుట్టిందని ఆ పిల్లకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. దేవరుప్పుల ఊళ్లోని జగపతి బంధువులు మాత్రం పెళ్లిళ్లలో కనిపించినప్పుడల్లా "అచ్చం మేనత్త పోలికే" అని పట్టుబట్టి మెచ్చుకునేవారు.

పదహారో ఏట, భూపాలపల్లి కాలేజీలో స్నేహితురాలు మౌనిక అడిగింది: "నువ్వు లంబాడోళ్ల పిల్లవు గదా, మీ భాషల ఒక్క ముక్క మాట్లాడు."

అఖిలకు ఆ భాష ఒక్క ముక్కా రాదు.

ఆ సాయంత్రమే ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఇంతలో జగపతితో పాటు బొగ్గుగనిలో పనిచేసే అమర్‌సింగ్, తీజ్ పండుగకు తమ తండాకు రమ్మన్నాడు. అఖిల జీన్స్ వేసుకుంది. సుగుణకే ఉత్సాహం ఆగలేదు.

"తండా పండుగకు ఉత్త చీరల ఎట్ల పోతం?" అని అద్దాల లంగా, మోచేతులు దాటిన తెల్లగాజులు కిరాయికి తెచ్చి వేసుకుంది. ఆ బరువుకు కూర్చుంటే లేవలేకపోయింది. జగపతి చెయ్యందిస్తే ఇద్దరూ కూలబడ్డారు.

తండాలో ఆడవాళ్లు సుగుణ చుట్టూ మూగి, తమ భాషలో ఏవేవో అడిగారు. ఒక్కటీ అర్థం కాకపోయినా ఆమె అన్నిటికీ తలూపింది. చూస్తుండగానే ఆటలో కలిపేసుకున్నారు. అఖిలకేమో కుర్చీ వేసి, "కూసో మేడం, చాయ్ తాగుతవా?" అని తెలుగులో మర్యాద చేశారు.

అఖిలకు ఉక్రోషం వచ్చింది. నేరుగా అమర్‌సింగ్ తల్లి సక్రి దగ్గరికి పోయి, దండం పెట్టి, కంఠతా పట్టిన వాక్యం అప్పజెప్పింది.

అవ్వ కొట్టం వైపు చూసి, తెలుగులో నెమ్మదిగా జవాబిచ్చింది.

"ఇప్పుడైతే ఒట్టిపోయింది బిడ్డా. ఈనినంక పూటకు మూడు లీటర్లు ఇస్తది."

అఖిల వీడియోలో చూసి నేర్చుకున్నది బర్రెల బేరం. అమర్‌సింగ్ నవ్వు ఆపుకోలేక ఇంటెనక్కి పోయాడు.

"నేను ఈడిదాన్నేనా అవ్వా?" అంది అఖిల, ఏడుపు గొంతుతో.

"ఎందుకు గావు? మీ అమ్మను సుత ఈడిదే అనుకుంటున్నరు." అవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "మొదలు తల్లిని పిలుసుడు నేర్చుకో. బర్రె సంగతి తర్వాత. యాడీ అను."

అఖిల లేచి, ఆటలో తిరుగుతున్న సుగుణను గట్టిగా పిలిచింది. "యాడీ."

తండాలోని తల్లులందరూ వెనక్కి తిరిగారు, సుగుణ తప్ప.

"అమ్మా."

అప్పుడు తిరిగింది. "ఏందే? జర ఆగు, అడుగులు ఇప్పుడిప్పుడే కుదురుతున్నయి."

కుదరలేదు. అఖిల చెప్పులు విడిచి ఆమె పక్కన చేరింది. తనకూ కుదరలేదు.