జెండా లేని కోట

మొన్న పల్నాడు రోడ్డులో వెళ్తుంటే మా మేనల్లుడు ఫ్లెక్సీ మీద కనిపించాడు. నల్ల కళ్లద్దాలు, చేతిలో సెల్‌ఫోను, వెనకాల ఒక సింహం, పైన వరసగా నాయకుల గుండ్రటి ఫొటోలు, కింద ఇంటిపేరుకు తోక తగిలించి పెట్టుకున్న వాడి జట్టు పేరు. ఫోన్లో ఆడే తుపాకుల ఆటలో వీళ్లు గెలిచారట. గెలిచింది దేశం మీద కాదు, పక్క కాలేజీ క్యాంటీన్ మీద. రోడ్డుకు అవతల ఓడిపోయిన జట్టు వాళ్లు, వాళ్ల ఇంటిపేరుతో, ఇంకా పెద్ద ఫ్లెక్సీ కట్టుకున్నారు. వీడియో గేములు ఆడి పెరిగిన మొదటి తరం మనది; నలభై దాటి, మోకాళ్లకు నూనె రాసుకుంటూ, ఈ వైభవం చూడటానికే మిగిలామా అనిపించింది.

మన కాలంలో ఆట అంటే టీవీకి తగిలించే నల్ల పెట్టె, పసుపు రంగు క్యాసెట్టు. మా బాబాయి గుంటూరు నుంచి తెచ్చిన క్యాసెట్టు మీద వంద ఆటలని ఉండేది. లోపల ఉన్నవి ఐదో ఆరో, వాటికే రంగులు మార్చి, పేర్లు మార్చి మళ్లీ మళ్లీ చూపించేవాళ్లు. అది ఆడకపోతే తీసి నోటితో ఊదేవాళ్లం. ఊదితే ఎందుకు పనిచేసేదో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు, తెలిసినట్టు చెప్పేవాళ్లను నేను నమ్మను. మా నాన్నగారు రోజూ సాయంత్రం పత్తి కొట్టు మూసి, క్లబ్బులో పేకాట పూర్తి చేసుకుని ఇంటికొచ్చి, నా చేతిలో జాయ్‌స్టిక్కు చూసి, ఆటల్లో పడి చెడిపోతున్నానని బాధపడేవారు. కోడిపందేల నుంచి అప్పుడే దిగిన మా పెదనాన్న పక్కన కూర్చుని అవునని తల ఊపేవారు. ఇంతటి క్రమశిక్షణ గల వంశంలో నేనొక్కడినే పనికిమాలినవాడినని చాలా ఏళ్లు నిజంగానే నమ్మాను.

డిగ్రీలో ఉండగా నరసరావుపేటలో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. ప్లైవుడ్డు గదులు, వాటికి పూల కర్టెన్లు. కర్టెన్ వేసుకోకుండా కూర్చునేది నేనొక్కడినే కావడంతో సెంటర్ నడిపే అన్నకు నా మీద మొదట అనుమానం, తర్వాత జాలి కలిగాయి. కోటలు కట్టి, సైన్యాలు నడిపే ఆట ఒకటి నన్ను అక్కడే పట్టుకుంది. ఆ ఆట ఆడే తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునే ఫోరం ఒకటి ఉందని తెలిసి అందులో చేరాను. అక్కడ అందరూ సేనాపతులే. అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగేవాళ్లు, గెలవని యుద్ధాలు గెలిచామని రాసేవాళ్లు. అయినా ఆ చోటు నాకు ప్రాణం. మా ప్రాంతంలో కొత్తవాడికి మంచినీళ్లు ఇవ్వకముందే ఏ ఊరు, ఎవరబ్బాయివి అని అడుగుతారు. అక్కడ ఎవరూ అడగలేదు. నా పేరు తొండ, అంతే. తొండ బాగా ఆడితే మెచ్చుకునేవాళ్లు, చెత్తగా ఆడితే తిట్టేవాళ్లు.

ఆ ఆటలో మనమే కొత్త యుద్ధభూమి తయారుచేసుకునే వీలుండేది. ఒకరోజు ఎవరో కొండవీడు కోట కడదామన్నారు. కొందరు గోడలు, కొందరు బురుజులు పంచుకున్నారు. చిన్నప్పుడు స్కూలు పిల్లలతో కొండ ఎక్కి చూసిన చెరువులు గుర్తుండటంతో వాటిని నేను తీసుకున్నాను. కొండ కింది నుంచి పైకి వెళ్లే మెట్లదారి మాత్రం బొంగరం అనే పేరున్న సభ్యుడో సభ్యురాలో ఒక్కో మెట్టే పేర్చి కట్టింది. మగో ఆడో తెలియదు గనుక వచ్చింది, కట్టింది అనే రాస్తున్నాను. నెలల తరబడి కట్టిన ఆ కోట మీద జెండా పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నా జీవితంలో నలుగురితో కలిసి నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అదే.

కోట పూర్తయ్యాక, ఇంతమందిమి పల్నాడులోనే ఉన్నాం కదా, నరసరావుపేటలో కలుద్దామని ఒక మహానుభావుడు ప్రతిపాదించాడు. బొంగరం రానంది, కారణం చెప్పలేదు. మిగిలిన వాళ్లం స్టేషన్ రోడ్డులోని ఒక టిఫిన్ హోటల్లో కలిశాం. సేనాపతులందరూ ఇస్త్రీ చొక్కాలేసుకొచ్చారు. దోసెలు ఇంకా బల్ల మీదికి రాలేదు, మాచర్ల నుంచి వచ్చినాయన మాచవరం నుంచి వచ్చినాయన్ని అడిగాడు.

"ఇంతకీ ఇంటిపేరేంది బాబాయ్ మీది?"

ఆయన చెప్పాడు. "ఆఁ, అయితే మనోళ్లే!" అంటూ మాచర్లాయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఇక ఆ ప్రశ్న బల్ల చుట్టూ తిరిగింది. కాఫీలు వచ్చే వేళకు ఒక బల్ల రెండు బల్లలైంది. కాఫీలు తాగేలోపు, కొండవీడును ఏలిన రాజులు మావాళ్లంటే మావాళ్లని గొడవ మొదలైంది. సెల్లార్లో స్కూటర్ పెట్టుకోవడానికి కూడా చోటు లేనివాళ్లు ఆ పూట రాజ్యాలు పంచుకున్నారు. ఆ వారంలోనే ఫోరంలో రెండు కోటలు వెలిశాయి, రెండింటి మీదా రెండు రంగుల జెండాలు, కింద పేజీల కొద్దీ వంశవృక్షాలు, బూతులు. చూసి చూసి, ఫోరం నడిపేవాళ్లు దాన్ని మూసేశారు. అంత అసహ్యం నాకు అంతకుముందు మనుషుల మీద కలగలేదు, ఏడుపు కూడా వచ్చింది.

మూసేసే ముందు బొంగరం నాకు విడిగా ఒక మాట రాసింది. "పాత కోట నా దగ్గరుంది, నీకూ పంపిస్తున్నా. నన్నేం అడక్కు, నీ సంగతి చెప్పకు. ఆదివారం పొద్దున మెట్ల దగ్గరుంటా."

అన్నట్టే ఉంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా, పెళ్లిళ్లు, ఉద్యోగాలు, నాన్నగారు పోవడం, అన్నింటి మధ్యా ఆదివారం పొద్దున మేమిద్దరం ఆటలో ఆ కోట మీద కలుస్తూనే ఉన్నాం.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు మేనల్లుడు ఇంటికొచ్చి నా కంప్యూటర్లో ఆ కోట, పక్కన ఏళ్లనాటి బొంగరం రాతలు చూశాడు.

"మావయ్యా, ఈ ఫైలు నాకియ్యి. పైన మన జెండా పెట్టి నెట్లో వదుల్తా, చానా మంది చూస్తారు. ఇంతకీ ఈ బొంగరం ఎవురు? మనోళ్లేనా?"

తెలియదన్నాను.

"ఇన్నేళ్లబట్టి ఆడతా తెలవదా? ఏంది మావయ్యా నువ్వు!"

వాడు నన్ను జాలిగా చూశాడు. నేనూ వాడిని అంతే జాలిగా చూసి, ఇవ్వనని చెప్పి కంప్యూటర్ ఆపేశాను. మేము పేర్లు దాచుకుని ఆట ఆడాం. వీళ్లు ఇంటిపేరు ముందు పెట్టుకుని, ఆట తర్వాత నేర్చుకుంటున్నారు. వాళ్ల చేతిలో ఉన్న ఫోన్లు మా పెట్టె కంటే వెయ్యి రెట్లు గొప్పవి, బుర్రలు మాత్రం ఆ టిఫిన్ హోటల్లోనే కూర్చుని ఉన్నాయి.

కానీ ఒక్క సంగతి చెప్పాలి. పోయిన నెలలో వరసగా రెండు ఆదివారాలు బొంగరం రాలేదు. ఖాళీ మెట్ల దగ్గర నా గుర్రాన్ని నిలబెట్టి మధ్యాహ్నం దాకా చూశాను. ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఊరి బస్సెక్కాలి, ఏ ఇంటి ముందు నిలబడి ఏ పేరుతో పిలవాలి? మూడో ఆదివారం వచ్చి, "జ్వరం, ఇప్పుడు పర్లేదు" అని రాసింది. ఇన్నాళ్లూ అందరిలో నేను చీదరించుకున్న ఆ ప్రశ్నే, మీది ఏ ఊరు అని, నా వేళ్లు వాటంతట అవే కొట్టాయి. పంపకముందే చెరిపేసి, చెరువు దగ్గరికి వెళ్దాం పద అని రాశాను. ఏదో ఒక ఆదివారం బొంగరం ఇక రాదు, లేదా నేను వెళ్లను. ఆ రోజున మా ఇద్దరిలో మిగిలినవాళ్లకు, రెండోవాళ్లకేమైందో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.