సిలిండరు మీద ఎర్ర చుక్క

మనుషుల్ని అనుమానించడం నాకు అలవాటు. ఉద్యోగంలో నేర్చుకున్నానో, పుట్టుకతోనే వచ్చిందో తెలియదు. జగిత్యాలలో సర్కారు కొలువు చేసే రోజుల్లో ఏ కాగితమైనా రెండుసార్లు తిప్పి చూసేవాణ్ణి. తెలంగాణ కోసం ఉద్యోగులమంతా సమ్మెలోకి దిగాక తిప్పి చూడడానికి కాగితాలు లేకుండా పోయాయి. దాంతో మనుషుల్ని తిప్పి చూడడం మొదలుపెట్టాను. దీక్షా శిబిరంలో కూర్చుని, మాలో ఎవరు దొంగచాటుగా ఆఫీసుకు పోయి సంతకం పెట్టి వస్తున్నారో ముఖాల్లో వెతికేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా కారు బ్రేకులు పోయాయి.

అది మూడు చేతులు మారి మా దగ్గరికొచ్చిన పాత చిన్న కారు. నా భార్య కోరుట్లలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆమె కాలు సరిగ్గా మడవలేదు. స్కూటరు ఎక్కలేదు. బస్సులు సమ్మెలో డిపోలు దాటడం లేదు. ఆటోల్లో మనిషి మీద మనిషి. కారు ఉంటేనే ఆమెకు కొలువు. "నాలుగు దినాలు రాకుంటే ఇంకొకల్లను పెట్టుకుంటరట" అని ముందే చెప్పింది.

దసరా అయిన నాలుగో రోజు ఆమెను దింపడానికి వెళ్తున్నాను. కోరుట్ల దగ్గరపడుతుందనగా రోడ్డుకు అడ్డంగా వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తింటున్నారు. బ్రేకు తొక్కాను. పెడలు మెత్తగా కిందికి పోయింది. మళ్ళీ తొక్కితే కాలు అడుక్కు తగిలింది. హ్యాండ్‌బ్రేకు గుంజి, గేరు తగ్గించి, పులిహోర గుండిగకు రెండడుగుల దూరంలో ఎలాగో ఆపాను. జనం చుట్టూ మూగారు.

"ఆపవేందయ్యా? తెలంగాణ వద్దా నీకు?" అన్నాడొకాయన.

"ఆపుదామనే తొక్కిన. బ్రేకు పడలే."

"అందరు గట్లనే అంటరు."

నేను సమ్మెలో ఉన్న ఉద్యోగినని చెప్పినా నమ్మలేదు. నా భార్య చేతికర్ర పట్టుకుని దిగి, తాను దవాఖాన మనిషినని చెప్పాకే శాంతించారు. ఇద్దరికీ పులిహోర పెట్టి మరీ పంపారు. నన్ను కూడా అనుమానించేవాళ్ళు ఉంటారని అంతవరకు నాకు తట్టలేదు. ఒళ్ళు మండింది. పులిహోర మాత్రం బాగుంది.

కారును మెల్లగా నడిపించుకుంటూ ఆమెను దవాఖాన దగ్గర దింపి, కోరుట్లలో ఎప్పుడూ చూపించే మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్ళాను. ఆయన్ను అందరూ ఉస్తాద్ అంటారు. మాట తక్కువ మనిషి. మాట తక్కువ మనుషులంటే నాకు అనుమానం ఎక్కువ. ఆయన చక్రాలు విప్పి, బ్రేకు సిలిండర్ల లోపలి రబ్బరు వాషర్లు తీసి నా చేతిలో పెట్టాడు. నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి.

"బ్రేకు డబ్బల వేరే ఆయిల్ ఎవలన్న పోసిండ్రా సార్?"

"ఎవలు పోస్తరు? నెల కింద సర్వీసింగు చేసింది నువ్వే కదా?"

 ఉస్తాద్ పానా అందుకుంటూ, "పాత బండి సార్. మళ్ల గిట్లనే అయితే తీసేసుడే నయం" అన్నాడు.

పాత కార్లు కొని అమ్మే వ్యాపారం ఆయన బామ్మర్దిదేనని నాకు తెలుసు. అన్నీ కలిశాయనిపించింది. ఆ రోజంతా స్టూలేసుకుని షెడ్డులోనే కూర్చున్నాను. కొత్త సిలిండర్లు బిగించాక, తర్వాత ఎప్పుడైనా మార్చి పాతవి పెడతాడేమోనని, నా భార్య కారులో వదిలేసిన సంచిలోంచి గోళ్ళరంగు తీసి వాటి మీద ఎర్ర చుక్కలు పెట్టాను.

"ఏంది సార్ గది?"

"గుర్తు."

"మంచిది" అని ఆయన పని చూసుకున్నాడు.

బ్రేకులు బాగా పనిచేశాయి. ఆ ఆదివారం సిరిసిల్ల పోయి మా అన్నను చూసి వచ్చాం. దసరా చేసుకున్నదీ అక్కడే. మాది సాంచాల ఇల్లు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. నాన్న తర్వాత అన్నే వాటిని నడుపుతున్నాడు.

మంగళవారం కోరుట్ల దారిలో కారు ముందుకు పోనంటూ మొరాయించింది. ఈసారి పడిన బ్రేకు వదలడం లేదు. దిగి చూస్తే చక్రం చెయ్యి పెట్టలేనంత వేడి, కాలుతున్న వాసన. ఎలాగో షెడ్డుకు చేర్చాను. అక్కడ ఇద్దరు గిరాకీలు కూర్చుని ఉన్నారు. నేను ఆగలేదు.

"నా బండి ఖరాబు చేసి నీ బామ్మర్దికి అమ్మిపియ్యాలని సూస్తున్నవా?"

గిరాకీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉస్తాద్ ముఖం నల్లబడింది. చక్రాలు విప్పాడు. సిలిండర్ల మీద నా ఎర్ర చుక్కలు అట్లాగే ఉన్నాయి. లోపలి రబ్బర్లు మళ్ళీ ఉబ్బి ఉన్నాయి. ఆయన బానెటు ఎత్తి, బ్రేకు ఆయిల్ డబ్బాలో వేలు ముంచి, నా ముక్కు దగ్గర పెట్టాడు.

"గిది బ్రేకు ఆయిల్ వాసనేనా సార్?"

కాదు. ఆ వాసన నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నాన్న అంగీకి ఉండేది. నా బడి సంచికి ఉండేది. సాంచాల నూనె.

బయటికి వచ్చి అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, మా కారుల నూనె ఏమన్న పోసినవా?"

"పోసిన తమ్మీ! దసరా పూజ నాడు సాంచాలకు పోసి, దానికీ పోసిన. మొన్న సూస్తే జర తక్కువ కొట్టింది, మళ్ల నింపిన. అసలు నూనె రా, కల్తీది గాదు. మంచిగ నడుస్తుందా?"

మా ఇంట్లో దసరా నాడు ప్రతి యంత్రానికీ నూనె పోసి బొట్టు పెట్టాలి. కుట్టుమిషను, పిల్లల సైకిలు, ఆఖరికి తాళంకప్ప కూడా తప్పించుకోలేదు. మూత కనబడిందంటే అన్న నూనె డబ్బా ఎత్తుతాడు. ఆ నూనె బ్రేకు రబ్బర్లను ఉబ్బించేస్తుందని ఆయనకేం తెలుసు?

"మంచిగ నడుస్తుందన్నా" అన్నాను. నాకు ఏడుపొక్కటే తక్కువ.

లోపలికి వెళ్ళేసరికి గిరాకీలు ఇద్దరూ లేరు. నాది తప్పు అని వాళ్ళ ముందే చెప్పాల్సింది. కనీసం ఉస్తాద్‌కైనా చెప్పాల్సింది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఎవలో పొరపాటున పోసిండ్రట" అని.

"గట్ల అయితయ్ సార్" అన్నాడు ఉస్తాద్, నా వైపు చూడకుండా.

ఆయన పైపులన్నీ ఊడదీసి కడిగాడు. రబ్బరు అన్నదల్లా మార్చాడు. నా భార్యకు మూడు రోజులు సెలవైంది. నాలుగో రోజు రాకపోతే ఇక రావద్దని దవాఖాన నుంచి కబురొచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం ఎవరిదో ఆటోలో కాలు చాపుకునేలా కూర్చోబెట్టి ఆమెనూ షెడ్డుకు తీసుకెళ్ళాను. కారు సిద్ధంగా ఉంది. అప్పుడైనా నా నోరు ఊరుకుందా?

"ఈసారి గ్యారంటీనేనా?"

ఉస్తాద్ చేతులు తుడుచుకున్నాడు. షెడ్డు వెనక మట్టి రోడ్డు మీదికి వెళ్ళి, ముప్పై అడుగుల దూరంలో నడిమధ్య నిలబడ్డాడు.

"నా మీదికే రాండ్రి సార్. దగ్గరికొచ్చినంక తొక్కుండ్రి."

పక్కన కూర్చున్న నా భార్య "వద్దు" అంది. నేను పోనిచ్చాను. ఆయన కదల్లేదు. మరీ దగ్గరికి వచ్చాక తొక్కాను. పెడలు కాలి కింద గట్టిగా నిలిచింది. నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టాయి. కారు ఆయన మోకాళ్ళకు మూరెడు దూరంలో ఆగింది. నా భార్య ఊపిరి వదిలి, నా చెయ్యి పట్టుకుంది. రేపు డ్యూటీకి పోవచ్చు. తల ఎత్తి చూస్తే ఉస్తాద్ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

నవ్వుతూ దిగాను. "ఏంది ఉస్తాద్, నీ బ్రేకుల మీద నీకే నమ్మకం లేదా?"

ఆయన కళ్ళు తెరిచాడు.

"బ్రేకుల మీద ఉన్నది సార్. మీరు తొక్కుతరో తొక్కరో అనే."